ఆ ఆల్బమ్‌లో నేను లేను

గాయకుడు కర్టిస్ మేఫీల్డ్ చివరి ఆల్బమ్ 'న్యూ వరల్డ్ ఆర్డర్' 1996లో వచ్చింది. అందులో గిటార్లు మోగుతాయి. నేను మోగను. ఆయన గిటార్లలో నేనొకదాన్ని. ఏ గిటారువని అడక్కండి, పెట్టెలో పడున్నదానికి పేరెందుకు?

నా పుట్టుకలో చెప్పుకోదగ్గదేం లేదు, చెక్కా తీగలూ అంతే. నాకు విలువ తెచ్చింది ఆయన శ్రుతి. షికాగోలో కుర్రతనంలో ఆయన పియానో నల్ల మెట్ల మీద పాటలు వెతుక్కునేవాడు. నేర్పేవాళ్లెవరూ లేరు. గిటార్ చేతికి రాగానే తీగల్ని ఆ నల్ల మెట్లకే కట్టేశాడు. ఊరందరి గిటార్లదీ ఒక దారి, మాదొక దారి. పేరు మోసినవాడు పట్టుకున్నా తనకొచ్చిన పాట కూడా మా మీద పలికేది కాదు. అప్పుడు చూడాలి నా పొగరు! ఆయన పాటల్లో 1965 నాటి 'పీపుల్ గెట్ రెడీ' నల్లవాళ్ల హక్కుల పోరాటంలో జనం పాటైపోయింది. 1972లో 'సూపర్ ఫ్లై' సినిమాకంటే దానికి ఆయన చేసిన పాటల రికార్డే ఎక్కువ సంపాదించింది.

1990 ఆగస్టు 13న బ్రూక్లిన్‌లో ఆరుబయట కచేరీ. ఈదురుగాలికి లైట్ల చట్రం కూలి ఆయన మీద పడింది. మెడ నుంచి కిందికి ఒళ్లు చచ్చుబడింది.

నన్ను పెట్టెలో పెట్టి మూశారు. తీగలు తుప్పుపట్టాయి, మెడ కొంచెం వంగింది. మూత ఎప్పుడైనా తెరిచేవారు, "అయ్యో" అనేవారు, మూసేసేవారు. తుడిచినవాడు లేడు. ఆ "అయ్యో" ఆయన కోసమేనని నాకు తెలుసు. అయినా గుడ్డముక్కకేం కరువు?

ఇంతలో మళ్లీ పాడుతున్నాడని తెలిసింది. కూర్చుంటే పాటకు చాలినంత ఊపిరి అందేది కాదట. వెల్లకిలా పడుకోబెడితే భూమ్యాకర్షణ సాయంతో గొంతు పలికేదట. ఒక్కో ముక్కే పాడడం, ఆగడం, ఊపిరి కూడదీసుకుని మళ్లీ అందుకోవడం. ఆ ముక్కలన్నీ కలిపి పాటలు చేశారు. ఒక పాటలో అరెతా ఫ్రాంక్లిన్ గొంతు కలిపింది, ఇంకోదాంట్లో మేవిస్ స్టేపుల్స్. అతుకులు వెతికాను, దొరకలేదు. అసూయ పడ్డానా? పడ్డాను. వాయించిన ఆ కొత్త గిటార్ల మీద. ఆయన మీద మాత్రం పడలేకపోయాను.

1998లో మధుమేహం ఆయన కుడికాలు తీసుకుంది. 1999 డిసెంబర్ 26న ఆయనే వెళ్లిపోయాడు.

తర్వాత ఎవడో కుర్రాడు నన్ను బయటికి తీశాడు. ఒకసారి మీటి, శ్రుతి తప్పిందని తేల్చేశాడు. అందరి గిటార్లలా కట్టాలని మర బిగించబోతే రెండో తీగ ఫట్‌మని తెగింది. పాత సరుకు, దేనికీ పనికిరాదని నన్ను గోడకు చేరేశాడు.