మా గుంతకూ ఒక నంబరివ్వండి

ఇల్లు కదలకుండా ఊళ్లు మారడంలో మా హైదరాబాద్ ఉప్పల్ వాసులను మించినవాళ్లు లేరు. పాతికేళ్ల కిందట ఇక్కడ ఇల్లు కట్టుకుని, అప్పట్నుంచీ అదే అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్న పెద్దమనిషిని ఎవరినైనా తీసుకోండి. ఆయన పాలు పొంగించుకున్నది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, రంగారెడ్డి జిల్లా, ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీలో. 2007 ఏప్రిల్ 16న ఆ మున్సిపాలిటీ మరో పదకొండింటితో కలిసి హైదరాబాద్ మహానగర కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీలో మునిగింది. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 దసరా రోజున జిల్లా మారి మేడ్చల్-మల్కాజిగిరి అయింది. అదే ఏడాది పోలీసులు సైబరాబాద్ వదిలి రాచకొండ పేరు పెట్టుకున్నారు. ఇన్ని మారినా ఆయన అరుగు అంగుళం జరగలేదు. అరుగు ముందున్న గుంత కూడా జరగలేదు.

పక్కనున్న నాచారం వాళ్లది ఇంకో మెట్టు పైన. ఉత్తరం రావాలంటే హైదరాబాద్-76 అని రాయాలి. కానీ వాళ్లు హైదరాబాద్ జిల్లా వాళ్లు కారు. మండలం ఉప్పల్. కార్పొరేషన్ లెక్కలో ఏళ్ల తరబడి కాప్రా సర్కిల్‌లో ఉన్నారు. ఎమ్మెల్యే ఉప్పల్‌కు, ఎంపీ మల్కాజిగిరికి. కలెక్టరు గారిని చూడాలంటే శామీర్‌పేట దగ్గరి అంతాయిపల్లికి పోవాలి, అక్కడ కొత్త కలెక్టరేటు 2022 ఆగస్టులో తెరిచారు. ఒక్క మనిషికి ఇంతమంది పెద్దదిక్కులున్నాక ఇంటి ముందు మురుగు పొంగితే భయమెందుకు? ఎటు పోవాలో తేల్చుకునేసరికి ఎండాకాలం వస్తుంది, మురుగు దానంతటదే ఎండుతుంది.

ఇదీ చాలలేదని 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలికలను తెచ్చి జీహెచ్‌ఎంసీలో కలిపారు. పీర్జాదిగూడ, బోడుప్పల్, పోచారం అన్నీ వచ్చి చేరాయి. 150 వార్డులు 300 అయ్యాయి. రోడ్లు వేసేవాళ్లకు పని దొరుకుతుందో లేదో గానీ బోర్డులు రాసేవాళ్లకు మాత్రం చేతినిండా పని. ఈ విషయంలో మన యంత్రాంగం చురుకుదనాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. 2024లో రాష్ట్రం పొట్టిపేరు టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు కార్యాలయాల బోర్డుల మీద అక్షరాలు ఎంత చకచకా మారాయో చూశాం. ఆ అక్షరాల కింద నిలబడ్డ మనుషుల ఫిర్యాదులు మాత్రం టీఎస్ కాలానివే.

ఇక ఉప్పల్ రింగ్‌రోడ్డు చౌరస్తాకు రండి. పాలనాశాస్త్రం చదివే పిల్లలను బస్సులో తీసుకొచ్చి చూపించాల్సిన చోటు. అందరికంటే పైన మెట్రో, అది మెట్రో వాళ్లది. దాని కింద స్కైవాక్, అది నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏది. దాని కింద రోడ్డు, అది 163వ నంబరు జాతీయ రహదారి. రోడ్డు పక్కన వరద కాలువ కార్పొరేషన్‌ది. భూమిలో మంచినీళ్ల పైపూ మురుగు మ్యాన్‌హోలూ జలమండలివి. స్తంభం కరెంటు సంస్థది, స్తంభం మీది బల్బు కార్పొరేషన్‌ది. ఆ బల్బు కింద గుత్తులుగా వేలాడే కేబుల్ వైర్లు ఎవరివో అడగకండి. ప్రమాదం జరిగేదాకా అవి ఎవరివీ కావు.

ఇక్కడొక్క క్షణం నవ్వు ఆపుదాం. 2025 ఆగస్టులో పక్కనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. మర్నాడు వేళ్లన్నీ వేలాడుతున్న కేబుల్ వైరు వైపు తిరిగాయి. ఆ తర్వాతే నగరమంతటా కత్తెరలు బయటికి వచ్చాయి, వైర్లు కుప్పలుగా తెగిపడ్డాయి. ఏళ్లుగా అందరి తలల మీదా ఉన్న తీగకు యజమానిని వెతకడానికి ఐదు శవాలు కావలసి వచ్చింది. 'మాది కాదు' అనే మాటకు ఇంత ఖరీదుంటుందని దాన్ని రోజూ వాడేవాళ్లకు తెలుసో లేదో.

చిన్న విషయాల్లో ఆ మాట ఎలా నడుస్తుందో ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. వీధిలో రోడ్డు కుంగుతుంది. కాలనీ సంఘం వాళ్లు ఒక ఆఫీసుకు పోతారు. "పైపు పగిలి కుంగింది సార్, పైపోళ్ల దగ్గరికి పోవాలె." పైపోళ్లు వచ్చి తవ్వి చూస్తారు. "పైపు మంచిగనే ఉంది. మట్టి సరిగ పూడ్వలే. రోడ్డోళ్లను అడుగుండ్రి." మళ్లీ మొదటి ఆఫీసు. "రోడ్డు మాదే సార్, ఎవరు కాదన్నరు? గుంత మాత్రం తవ్వినోళ్లది." ఇంతలో సెల్‌ఫోన్ యాప్ నుంచి చల్లని కబురొస్తుంది: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. కింద ఐదు చుక్కలిచ్చి మీ సంతృప్తి తెలియజేయమంటుంది. గుంత పక్కన నిలబడి ఎన్ని చుక్కలివ్వాలా అని ఆలోచించడం కూడా ఒక పౌరసేవే, మెదడుకు మేత.

గుంతలతో జనం ఎంతగా విసిగిపోయారంటే, 2024 మేలో నాగోల్ దగ్గర ఆనంద్‌నగర్ చౌరస్తాలో ఒకావిడ నీళ్లు నిండిన గుంతలో కూర్చుని నిరసన తెలిపారు. ఆమె దూరదృష్టిని మెచ్చుకోవాలి. ఉప్పల్ భగాయత్‌లో హెచ్‌ఎండీఏ 2021 డిసెంబరు వేలంలో గజం భూమి గరిష్ఠంగా లక్షా వెయ్యి రూపాయలు పలికింది. ఆ లెక్కన నాలుగు గజాల గుంత అంటే నాలుగు లక్షల ఆస్తి. కబ్జా కాకముందే పోయి కూర్చోవడం మంచిదే.

మన పిల్లర్ల సంగతి చెప్పకపోతే ఉప్పల్ గురించి ఏమీ చెప్పనట్టే. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2018 మే 5న కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేశారు. అప్పటి లెక్కకు రెండేళ్ల పని. అదే రోజు పునాదిరాయి పడిన అంబర్‌పేట వంతెన ఆలస్యంగానైనా 2025లో తెరుచుకుంది. మనది స్తంభాల దశలోనే ధ్యానంలోకి వెళ్లింది. డబ్బు కేంద్రానిది, పని చేయించేది రాష్ట్ర రోడ్లు-భవనాల శాఖ, భూమి తీసుకోవాల్సింది రెవెన్యూ, పైపులూ స్తంభాలూ జరపాల్సింది ఇంకొకరు. అసలు కాంట్రాక్టరు మధ్యలోనే తప్పుకున్నాడు. 2023 మార్చిలో ఎవరో ఆ పిల్లర్లకే ప్రధానమంత్రి బొమ్మతో, ఇంకా ఎన్నేళ్లని అడుగుతూ పోస్టర్లు అంటించారు. వంతెన మోయని పిల్లరు పోస్టరైనా మోస్తోందని సంతోషించాం. ఢిల్లీని హైదరాబాద్, హైదరాబాద్‌ను ఢిల్లీ తప్పుపట్టుకుంటుంటే కింద వరంగల్ బస్సు మాత్రం రెండు పిల్లర్ల మధ్య దుమ్ములో నిలబడి ఉంది.

పని చేతకాక ఆగిందంటారా? అదీ కాదు. అదే చౌరస్తాలో స్కైవాక్ కట్టారు కదా! 660 మీటర్ల పొడవు, పాతిక కోట్ల ఖర్చు, 2023 జూన్ 26న ప్రారంభం. లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. రోడ్డు దాటలేక ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న ముసలివాళ్లకు, పిల్లల తల్లులకు నిజంగా మేలు జరిగింది. దాని రహస్యం ఒక్కటే: మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా యజమాని ఒక్కడే. కాకపోతే దిగిన తర్వాత నడవాల్సిన ఫుట్‌పాత్ మళ్లీ వేరేవాళ్లది కాబట్టి అది లేదు.

నాచారం పారిశ్రామికవాడ కథ ఇంకా సూక్ష్మమైనది. వాడ లోపలి రోడ్లూ దీపాలూ రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ నడిపే ఐలా (పారిశ్రామికవాడ స్థానిక పాలన విభాగం) వాళ్లవి, గేటు దాటితే కార్పొరేషన్. ఫ్యాక్టరీ గోడకు అటూ ఇటూ కాలువ ఒకటే, ప్రభుత్వాలు రెండు. రాత్రిపూట వచ్చే రసాయనాల ఘాటు గురించి నాచారం, మల్లాపూర్ జనం ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆ కంపు చూడాల్సింది కాలుష్య నియంత్రణ మండలి, అది ఉండేది సనత్‌నగర్‌లో. ఫోను చేశాక నగరం ఈ చివర నుంచి ఆ చివరకు మనిషి రావాలి. ఆయన వచ్చేదాకా ఒకేచోట ఆగి ఉండాలన్న ఇంగితం కంపుకు ఉండదు.

ఈ తిరుగుడంతా తప్పించడానికే 2023 జూన్‌లో వార్డు ఆఫీసులు పెట్టారు. ఇంజినీరింగ్, పారిశుద్ధ్యం, టౌన్‌ప్లానింగ్, జలమండలి, కరెంటు ఇలా తలా ఒకరు చొప్పున పదిమంది ఒకే కప్పు కింద. ఆలోచన బంగారం. ఇంతకుముందు 'మాది కాదు' అనిపించుకోవడానికి పది ఆఫీసులు తిరగాల్సి వచ్చేది, ఇప్పుడు పది కుర్చీలు తిరిగితే చాలు. అందులోనూ కొన్ని కుర్చీలు ఖాళీ కాబట్టి పని ఇంకా తొందరగా అయిపోతుంది.

అయితే ఈ గందరగోళంలో దారి తప్పనిది ఒకటుంది. బిల్లు. రాష్ట్రాలు మారినా, జిల్లాలు చీలినా, సర్కిళ్లు కలిసినా ఇంటిపన్ను మాత్రం సరిగ్గా మన గుమ్మం ముందుకే వస్తుంది. ప్రతి ఇంటికీ పది అంకెల పన్ను నంబరు ఉంది. ఏప్రిల్‌లోనే కడితే ఐదు శాతం తగ్గింపు, ఆలస్యమైతే నెలకు రెండు శాతం వడ్డీ. బాకీ ఉన్నది ఎవరైనా సరే మొహమాటం లేదు. 2024 ఏప్రిల్‌లో ఐపీఎల్ మ్యాచ్‌కు ఒక్కరోజు ముందు, కోటిన్నర పైచిలుకు బకాయి ఉందని ఉప్పల్ స్టేడియానికే కరెంటు పీకేశారు. మర్నాడు హైదరాబాద్, చెన్నై ఆడాల్సిన మైదానం అది! అంటే ఎవరు ఎవరికి బాకీయో కనిపెట్టే తెలివి మన ఆఫీసులకు పుష్కలంగా ఉంది. ఆ తెలివిని ఒకే దిక్కుకు వాడుతున్నారు, అంతే.

కాబట్టి ప్రభుత్వానికి నావి మూడు వినతులు. ఒకటి, ఇంటికున్నట్టే ప్రతి గుంతకూ పది అంకెల నంబరు ఇవ్వండి. పక్కన ఒక రేకు పాతి, ఈ గుంత ఏ శాఖది, ఎప్పుడు పుట్టింది, బాధ్యుడెవరు అని రాయండి. రెండు, మేం ఆలస్యం చేస్తే నెలకు రెండు శాతం అన్నారు కదా, మీరు ఆలస్యం చేసినా అంతే వెయ్యండి. వచ్చే ఏటి పన్నులో తగ్గించుకుంటాం. వడ్డీ రేటు మీదే, మేం బేరమాడం.

మూడోదానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, పాతదాన్ని కాస్త పక్కకు జరిపితే చాలు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 6(3) అని ఒకటుంది. మీరడిగిన సమాచారం తమ దగ్గర లేకపోతే, దరఖాస్తు తీసుకున్న ఆఫీసే దాన్ని ఐదు రోజుల్లోగా అసలు ఆఫీసుకు పంపాలి, పంపినట్టు మీకు చెప్పాలి. అంటే కాగితం తప్పు గడప తొక్కితే దాన్ని సరైన గడపకు చేర్చే పూచీ ప్రభుత్వానిది. మనిషి తప్పు గడప తొక్కితే మాత్రం మనిషే తిరగాలి. కాగితానికిచ్చిన మర్యాద మనిషికీ ఇవ్వండి. ఉప్పల్‌లో చెప్పినా, కాప్రాలో చెప్పినా, వార్డు ఆఫీసులో ఏ కుర్చీకి చెప్పినా అది మీదేనో కాదో మీలో మీరే తేల్చుకోండి. కాకపోతే మీరే చేర్చండి.

ఐదు రోజులు మరీ తక్కువ అంటారా? పది తీసుకోండి. 2018 నుంచి ఆగినవాళ్లం, ఐదు రోజుల దగ్గర గొడవ పెట్టుకోం.