నల్లా దగ్గర డాట్‌నెట్

ఒక్క లైనుతో రోగం కుదిర్చే వైద్యులు మా ప్రోగ్రామర్ల వృత్తిలో కొల్లలు. ‘చెక్‌ఫర్‌ఇల్లీగల్‌క్రాస్‌థ్రెడ్‌కాల్స్’ అనే బారెడు పేరు తీసుకుని, దాని ఎదురుగా ‘ఫాల్స్’ అని కొడతారు. పరాయి థ్రెడ్ ఫారాన్ని ముట్టుకుందన్న ఎర్రర్ మాయం. వైద్యుడుగారు టీకి లేస్తారు.

నేను కామాఠీపురా చాల్‌లో పెరిగినవాణ్ణి. నిజాం ఇలాకా నుంచి వలసొచ్చి బొంబాయి కట్టడాల్లో కూలి చేసిన కామాఠీల పేరే ఆ వాడకు మిగిలింది. (పేరు తప్ప ఇంకేం మిగిలిందన్నది వేరే వ్యాసం.) మా అంతస్తుకంతా ఒకటే నల్లా. నీళ్లొచ్చేది కాసేపే. అందుకే బిందెల వరుస. పనికి పోయేవాళ్లతో పెద్దమ్మ అనేది: “బిందె లైన్ల వెట్టి పో బిడ్డా, వంతొస్తే నేను చూస్కుంట.” విండోస్ ఫారమ్స్‌లో ఫారం థ్రెడ్ కూడా మా నల్లా లాంటిదే; పనిని ఇలా దాని వరుసలో పెట్టి పోవడాన్నే బిగిన్‌ఇన్వోక్ అంటారు. నిండేదాకా అక్కడే నిలబడితే ఇన్వోక్. కొడుకు వచ్చేదాకా నల్లా వదలనని తల్లి, తన వంతు రానిదే వరుసలోంచి కదలనని కొడుకు పట్టుబడితే డెడ్‌లాక్. అంతలో నీళ్లు బంద్.

మా వైద్యుడుగారి వాదన వేరు. “ఈవెంట్ హ్యాండ్లర్ నా ఫారంలోనే రాశానండీ, ఇంకెవరి థ్రెడ్ మీద నడుస్తుంది?” ఈవెంట్ ఎవరు లేపితే వాళ్ల థ్రెడ్ మీదే నడుస్తుంది మహానుభావా! గుమ్మం మీ ఇంటిదే కావచ్చు, లోపలికొచ్చే కాళ్లు బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్‌వి. ఆ బురద కాళ్లతోనే లేబుళ్లనూ గ్రిడ్లనూ తొక్కుతుంది.

2005లో వచ్చిన డాట్‌నెట్ 2.0 ఈ తొక్కుడు కనిపిస్తే ఎక్సెప్షన్ విసరడం మొదలుపెట్టింది. అదీ మామూలుగా డీబగ్గర్ తగిలించి ఉన్నప్పుడే. గిరాకీ దగ్గరికి పోయాక ఎలాగూ మొరగని కుక్క అది. మనవాళ్లు ఆ ‘ఫాల్స్’తో దానికి ఇంట్లోనే మూతి కట్టేశారు. 2012లో అవెయిట్ వచ్చి, ఫారం థ్రెడ్ మీద మొదలైన పనిని తిరిగి దాని వరుసలోకే చేర్చే ఏర్పాటు చేసినా, ఈ మూతికట్టు మాత్రం ఊడలేదు.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఆ లైను పుణ్యమా అని బిల్లింగ్ తెర ఎప్పుడో ఒకసారి, సరిగ్గా రద్దీ రోజునే బిగుసుకుపోయేది. రిజిస్టర్లో ‘నెట్‌వర్క్ సమస్య’ అని రాసుకునేవారు. పైగా ఖాళీ చేసిపోయిన గది తలుపు పాలవాడు రోజూ బాదినట్టు, మూసేసిన ఫారానికీ ఈవెంట్లు వచ్చిపడేవి. అన్‌సబ్‌స్క్రయిబ్ చేసిన పాపాన ఎవరూ పోలేదు.

మొన్న ఒక కొత్త కుర్రాడికి మా వైద్యుడుగారే ఆ లైను ఉపదేశిస్తున్నారు. కుర్రాడు అమాయకంగా అడిగాడు: “మరి పరాయి థ్రెడ్ మీదున్నామో లేదో చెప్పే ఇన్వోక్‌రిక్వయిర్డ్ ఎందుకుంది సార్?”

“అది భయస్తులకు.”