పాత గుడి

పిల్లలు సుబేదారిలో మా బాపు ఇంటికి రావడం అదే మొదలు. 2024 జులై. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఆరు. దిగిన మర్నాటి నుంచి బాపుది ఒకటే మాట.

"ఒక్క రోజు నాకియ్యిరా. పోరగాండ్లకు ఊరు సూపిస్త."

పెళ్లిళ్లు, పలకరింపులు, బట్టల షాపులు అయ్యాక ఆఖరి ఆదివారం ఆయనకు దొరికింది. తెల్లారి అయిదింటికే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. కొత్త చీపురులోంచి ఒక పుల్ల విరిచి, గోటితో గీకి నున్నగా చేసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

మా పిల్లలకు వచ్చిన తెలుగు తాత, నానమ్మ, పప్పు, దా. అంతే. బాపు కలెక్టరేటు రికార్డు రూములో ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. తెలుగూ ఉర్దూ ఆయనకు నీళ్లు తాగినట్టు. ఇంగ్లీషు కాగితం మీద ఉంటే చదువుతాడు, పిల్లల నోట్లోంచి వస్తే అందుకోలేడు. అందుకని ఆ రోజు నడుమ నేనున్నాను.

మొదట వేయిస్తంభాల గుడి. చెప్పులు విడిచి లోపలికి నడిచాం. 1163లో రుద్రదేవుడు కట్టించాడని, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే చోట గర్భగుళ్లున్నాయని బాపు మొదలుపెట్టాడు. నేను ముగ్గురు దేవుళ్ల సంగతి చెప్పాను. బాపు ఒక చెక్కడం దగ్గర ఆగి జేబులోంచి పుల్ల తీశాడు. రాతిలో సన్నటి సందు. పుల్ల ఇటు దూర్చితే అటు తేలింది. బాబు పుల్ల లాక్కుని నాలుగుసార్లు దూర్చాడు. దానికి నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది.

నందిని దాటి కళ్యాణ మండపం ఎక్కాం. బాపు ఒక స్తంభం దగ్గర నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలతో రాయిని ఒక చోట తుడిచి, మనవణ్ని ముందుకు జరిపాడు. నల్లరాతిలో వాడి ముఖం మసగ్గా కనిపించింది. దాని వెనక తాత ముఖం.

"ఇగో బిడ్డా," అన్నాడు బాపు. "మీ డాడీ నీ అంత ఉన్నప్పుడు ఈ కంబాలు లెక్కవెడ్తనని దూరిండు. నూటికాడ తప్పిండు. కూసోని ఏడ్సిండు. ఇగ ఆదివారం వస్తె సాలు, మల్ల లెక్కవెడ్దాం పా అని నా ఏలు పట్టి గుంజుకొచ్చేటోడు. ఎన్నడూ లెక్క పూర్తి కాలె.

"2006ల మీ డాడీ అమెరికా పోయిండు. ఆ ఏడే ఈ మండపం ఇప్పిండ్రు. రాయి రాయికి నంబరేసి పక్కకు పేర్సిండ్రు. శివరాత్రికి వచ్చినప్పుడల్ల ఆ రాళ్ల దిక్కు సూసేటోన్ని. ఒక్కొక్క ఏడు ఎండకు ఎండుతుండె, వానకు తడుస్తుండె. మీ నానమ్మతోని అనేటోన్ని, ఈ రాళ్లు మల్ల నిలవడేనాటికి ఆడు పిల్లలను తీస్కొని వస్తడే అని. ఆమె నవ్వేది. పద్దెనిమిదేండ్లు వట్టింది బిడ్డా. మొన్న శివరాత్రికే మల్ల తెరిసిండ్రు. అగో, నాలుగు నెలలకు నువ్వొచ్చినవ్."

తువ్వాలతో ఈసారి రాయిని కాదు, కళ్లు తుడుచుకున్నాడు.

పాప నీళ్లు కావాలని నా చెయ్యి లాగుతోంది. కాళ్ల కింద బండ వేడెక్కుతోంది. పదింటికల్లా జూకు వెళ్లాలి. బాబు నా వైపు చూస్తున్నాడు.

"ఇట్ ఈజ్ ఎ వెరీ ఓల్డ్ టెంపుల్," అన్నాను.

"ఓకే," అన్నాడు వాడు.

బాపు నన్ను చూశాడు. "చెప్పినవా?"

"చెప్పిన బాపూ."

"అంతా?"

"అంతా."

బాపు ముఖం విప్పారింది. మనవడి తల నిమిరి, వాడి వేలు పట్టుకుని మెట్లు దిగాడు.

హంటర్ రోడ్డు జూలో పిల్లలు పరుగెత్తారు, బాపు వెనక నడిచాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఖిలా వరంగల్‌కు పోయాం. రాతి తోరణాలు నాలుగింటి కింద నాలుగుసార్లు ఆగి గణపతిదేవుడి గురించి, రుద్రమదేవి గురించి బాపు చెప్పాడు. "ఓల్డ్ గేట్స్" అన్నాను. భద్రకాళి చెరువు కట్ట మీద బజ్జీలు తిని ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది.

రాత్రి హాల్లో కింద పక్కలు వేశారు. బాపు మంచం మీద, పక్కనే చాప మీద మేము. పాప అప్పుడే నిద్రపోయింది. బాబు చీపురుపుల్లను వేళ్ల మధ్య తిప్పుతూ పడుకున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగి తన ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు.

"డాడీ, 'చాలా పాత గుడి' అనడానికి తెలుగులో అంతసేపు పడుతుందా? అది చెప్పడానికి తాత ఎందుకు ఏడ్చాడు?"

మంచం కిర్రుమంది. బాపు మోచేతి మీద లేచి మా వైపు వంగాడు.

"ఏమంటుండురా?"

"గుడి బాగుందంటుండు బాపూ."