పరుగు వద్దని మాత్రమే రాశాడు

మా బావకి కుడి మోకాలి కింద ఎముక వెంట్రుక మందాన చీలింది. పడిందీ లేదు, ఎవరూ గుద్దిందీ లేదు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉందని మే ఎండల్లో వారానికి 90 కిలోమీటర్లు ఉరికితే, ఎముకే విసుగెత్తి చీలింది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారట. ఎముకల డాక్టరు ఎమ్మారై చూసి, చీటీ మీద "ఆరు వారాలు పరుగు వద్దు" అని రాసిచ్చాడు. బావ దాన్ని హైకోర్టు ప్లీడరు చదివినట్టు చదివాడు. "పరుగు వద్దన్నాడు. సైకిల్ వద్దనలేదు. ఈత వద్దనలేదు. జిమ్ ఊసే ఎత్తలేదు."

ఆ రోజు నుంచి మా అక్క ఇంట్లో విశ్రాంతి మొదలైంది. పొద్దున్నే నాలుగున్నరకి అలారం మోగుతుంది, విశ్రాంతికి వేళయిందని.

ఈ విశ్రాంతిలో నీళ్ల పరుగు అని ఒకటుంది. నడుముకి తేలే బెల్టు కట్టుకుని, కాళ్లు అడుగుకి తగలనంత లోతులో నిటారుగా నిలబడి పరిగెత్తాలి. నేల తగలదు కనక ఎముకకి దెబ్బ లేదు, గుండెకీ ఊపిరితిత్తులకీ పని. పద్ధతి మంచిదే, కాదనను. చూడ్డమే కష్టం. ఒక ఆదివారం గట్టు మీద కూచుని చూశాను. 40 నిమిషాలు పళ్లు బిగించి పరిగెత్తిన మనిషి నాలుగు మీటర్లు జరిగాడు, అదీ పక్కన ఓ భారీ మనిషి దూకినప్పుడు లేచిన అలకి. ఈత నేర్చుకుంటున్న ఏడేళ్ల పిల్ల కాసేపు కళ్లప్పగించి చూసి, "సార్, అంకుల్ మునిగిపోతున్నారు!" అని కోచ్‌ని కేకేసింది.

బావ బెంగ వేరే. వాచీలో గుండె 130 దాటలేదు. నీళ్లలో ఉన్నప్పుడు గుండె కాస్త నెమ్మదిగానే కొట్టుకుంటుంది, అది మామూలే. కానీ వాచీకి నచ్చజెప్పేదెవరు? ఆ లోటు పూడ్చడానికి మర్నాడు ఔటర్ రింగురోడ్డు పక్కన, సోలార్ పలకల నీడలో వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొత్తం తొక్కి, మళ్లీ అంతా తొక్కుకుంటూ వెనక్కొచ్చాడు. అదే మనిషిని అక్క సందు చివరికెళ్లి కరివేపాకు తెమ్మంటే, "కాలికి రెస్టివ్వమన్నారు కదే" అంటాడు.

మందలించబోతే జోన్ బెనాయిట్ పేరు తీస్తాడు. 1984లో అమెరికా ఒలింపిక్ ఎంపిక పోటీకి 17 రోజుల ముందు ఆవిడ మోకాలికి ఆపరేషనైంది. కాళ్లు కదపలేక వ్యాయామ సైకిల్ పెడళ్లని చేతులతో తిప్పింది. ఎంపిక పోటీ గెలిచింది. ఆగస్టు 5న లాస్ ఏంజిలిస్‌లో, ఒలింపిక్స్ చరిత్రలో ఆడవాళ్లకి పెట్టిన మొట్టమొదటి మారథాన్‌నీ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. అంతా నిజమే బావా. ఆపరేషన్ నాటికి ఆవిడకి 26 ఏళ్లు, అవతల ఒలింపిక్ బంగారం. నీకు 47, అవతల ఓ టీషర్టూ, అరటిపండూ.

బావ ఒక్కడే అయితే సరిపెట్టుకుందును. అతని రన్నింగ్ గ్రూపులో ఇప్పుడు దెబ్బ తగలకపోవడమే నామోషీ. మడమ నొప్పాయన రోయింగ్ మిషన్ ఎక్కాడు, మోకాలాయన రోజుకో గంట ఎలిప్టికల్ తొక్కుతున్నాడు. ఎందుకయ్యా అంటే అందరిదీ ఒకే పాట, "ఫిట్‌నెస్ పోతుంది". రెండు మూడు వారాలు ఆగితే దమ్ము కొంత తగ్గే మాట వాస్తవం. తగ్గింది తిరిగొస్తుంది. గుండెకి పని చెబుతూ ఎముకని మాననివ్వడానికి పెట్టిన పద్ధతులివి. వీళ్లకి మాత్రం విశ్రాంతి నుంచి తప్పించుకునే దొడ్డిదారులయ్యాయి. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్న వాడే వీళ్ల మూలపురుషుడు.

ఐదోవారం బావ కుడి భుజం పైకి లేవలేదు. తువ్వాలు దండెం మీద ఆరేయబోయి కెవ్వుమన్నాడు. కాలు ఆడించకుండా ఈదాలని తొడల మధ్య తేలే దిమ్మ పెట్టుకుని రోజుకి రెండు కిలోమీటర్లు ఒట్టి చేతులతోనే లాగాడట. అక్క ఒక్క మాటా అనకుండా ఆటో పిలిచింది, నేనూ వెంట వెళ్లాను. అదే డాక్టరు భుజం తిప్పి చూసి, బావ మొహంలోకి ఓసారి చూసి, చీటీ రాసిచ్చాడు.

వరండాలో బావ ఆ చీటీ రెండుసార్లు చదివాడు. మొహం వెలిగిపోయింది.

"బామ్మర్దీ, చూశావా? భుజం గురించే రాశాడు. పరుగు ఊసే లేదు."