మిల్లీవోల్టు బాబాయి

బ్యాటరీ బాగుందో లేదో తెలుసుకోవాలనుకునేవాళ్ళు లోకంలో కోకొల్లలు. బ్యాటరీ బాగుందని చెప్పే మీటరు బాగుందో లేదో తేల్చుకోవాలనుకునేవాళ్ళు అరుదు. ఆ అరుదైనవాళ్ళలో ఒకరు ప్రతి వంశంలోనూ పుడతారు. మా వంశంలో బాబాయి పుట్టాడు.

బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాడాయన. తన కౌంటర్లో ఏనాడూ సాయంత్రానికి రూపాయి తేడా రాలేదని పెళ్ళిపందిట్లో ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చెబుతాడు. లెక్కపెట్టుకోడానికి నోట్లు లేకపోయేసరికి వోల్టుల మీద పడ్డాడు. చచ్చిపోయిన నా ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి (చచ్చిపోయిందని తీర్పు ఇచ్చిందీ ఆయనే) 18650 సెల్స్ ఆరు బయటికి తీశాడు. వాటిలో ఇంకెంత పస మిగిలిందో చూడ్డానికి ఒక ఆర్డ్యునో, 4 ఓముల సిమెంటు రెసిస్టరు, మామిడిపళ్ళ పెట్టె చెక్క కలిపి యంత్రం కట్టాడు. సెల్లుని 4.2 వోల్టులదాకా ఛార్జి చేసి తగిలిస్తే, 3 వోల్టులకి దిగేలోపు ఎన్ని మిల్లీ ఆంపియర్ అవర్లు కక్కిందో అది లెక్క రాస్తుంది. అక్కడితో ఆగితే ఆయన బాబాయి ఎందుకవుతాడు?

"ఒరే, ఈ ఆర్డ్యునో తనకి యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులనే నమ్ముకుని కూర్చుంటుంది. తీరా వచ్చేది 4.75 అయితే?"

4 వోల్టుల సెల్లు 4.21 చూపిస్తుంది, నిండుగా ఉందని మనం మోసపోతాం. కూరగాయల బండి మీద అరిగిన తూకపురాయి ఉంటే వంకాయలు బరువెక్కినట్టు. వింటుంటే ముచ్చటేసింది. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ నాకు ఇంత తేటగా ఎవరూ చెప్పిన పాపాన పోలేదు.

ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. ఆ 5 వోల్టుల్ని కొలిచేందుకు వాడింది చవక మల్టీమీటరు. అలాంటివి లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించినప్పుడు అంకెలు పెంచి చూపిస్తాయి. ఆ బ్యాటరీని కొలవడానికి రెండో మల్టీమీటరు వచ్చింది. రెంటికీ పడలేదు. పంచాయితీకి మూడోది వచ్చింది. అది ఎవరి పక్షమూ వహించలేదు. దాంతో కోఠీ గుజరాతీ గల్లీ నుంచి టీఎల్431 పట్రమ్మని నాకు ఫోను. రెండున్నర వోల్టుల దగ్గర కదలకుండా నిలబడే మూడుకాళ్ళ ముక్క అది, పెద్ద ఖరీదేం కాదు. తెచ్చిచ్చాక కళ్ళజోడు సవరించుకుని డేటాషీటు చదివి మొహం ముడుచుకున్నాడు. "రెండు శాతం అటూఇటూ ఉండొచ్చట్రా! అంటే 50 మిల్లీవోల్టులు. క్యాషులో యాభై తేడా వస్తే మేనేజరు ఊరుకుంటాడా?"

ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనిస్తే మీటరు 0.3 ఓములు చూపిస్తుందని, రెసిస్టరుని కొలిచినప్పుడల్లా ఆ వైర్ల వాటా తీసెయ్యాలని పాత క్యాషుబుక్కులో ఎర్రసిరాతో రాసుకున్నాడు. ఇదీ సబబే. సబబు కానిదల్లా ఫ్యాను. గాలి తగిలితే రెసిస్టరు చల్లబడి విలువ మారుతుందని, పరీక్ష నడిచే రెండు గంటలూ హాల్లో ఫ్యాను వెయ్యనివ్వడు. రాజమండ్రిలో, మే నెలలో. వచ్చిన చుట్టాలు వీధరుగు మీదే కాఫీ తాగి వెళ్ళిపోతారు.

పిన్నిది ఇంకో శాస్త్రం. రిమోట్‌లో పనికిరాని సెల్లు గోడగడియారంలో వేస్తుంది. గడియారానికి కావల్సిన కరెంటు పిసరంత కాబట్టి అక్కడది నెలల తరబడి నడుస్తుంది. అక్కడా ఆగిపోతే చెత్తబుట్ట. బాబాయి దీన్ని ఒప్పుకోడు. "రీడింగు ఏదీ?" అంటాడు. "పదిన్నర" అంటుందావిడ, గడియారం చూసి.

మొన్న పిన్ని గుడికి వెళ్ళిన సమయం చూసి ఆ గడియారంలో సెల్లు ఊడదీసి, మూడు మీటర్లతోనూ కొలిచి, మళ్ళీ పెట్టేశాడు. అప్పట్నుంచి అది ముప్పావుగంట వెనక నడుస్తోంది. పిన్ని సరిచెయ్యమంటే, సరైన టైమేదో ముందు తేలాలన్నాడు. నా ఫోను చూపించాను.

"అది నీ ఫోను మాట" అన్నాడు. "ఇంకో రెండు ఫోన్లు పట్రా."