గాలి గుంజుతాంది!

జనగామలో హైదరాబాదు రోడ్డు పక్కన చూసినా, మానుకోటలో మిర్చి మార్కెట్టుకు పోయే తొవ్వలో చూసినా, భూపాలపల్లిలో బొగ్గుబాయి డ్యూటీ దిగిన కార్మికులు చాయ్ తాగే సెంటరులో చూసినా ఆయన ఉంటాడు. పేర్లు వేరు, ఇంటిపేర్లు వేరు, మనిషి మాత్రం ఒకటే అచ్చు. రేకుల షెడ్డు, దాని గోడకు వేలాడే మందు కొట్టే తైవాన్ పంపులు, నేల మీద గడ్డి కోసే మిషన్లు, బల్ల మీద సగం విప్పిన కట్టెకోత మిషను. చెవి సందున పెన్సిలుకు బదులు ఒక సన్నటి ఇనుప తీగ. చిన్న ఇంజన్ల మెకానిక్కుల్లో ఈయనది వేరే శాఖ. ఈయన పైపుల మేస్త్రి.

మిగతా మెకానిక్కుల దగ్గర రోగాలు చాలా ఉంటాయి: ప్లగ్గు, కాయిలు, పిస్టను, కార్బొరేటరు. ఈయన దగ్గర ఒక్కటే. మిషను స్టార్టు కాలేదా? గాలి గుంజుతాంది. స్టార్టయి ఆగిపోయిందా? గాలి గుంజుతాంది. రేసు ఇస్తే చస్తోందా? చెప్పనక్కర్లేదు. మీరు మిషన్ను సంచిలోంచి తీయకముందే రోగం పేరు చెప్పేస్తాడు. సంచిలో ఉన్నది సొరకాయ అని మీరు చెప్పినా, ఎందుకైనా మంచిది ఒకసారి చూడనియ్యమంటాడు.

"కార్బేటరు మార్చాలన్నరన్నా" అని మీరు నోరు జారారో, అయిపోయినట్టే.

"మార్చు. కొత్తది తెచ్చి పెట్టు. పెట్టి దానికి గూడ గాలే తాపు. పెట్రోలు ఏడికెల్లి రావాలె, మొగులు మీదికెల్లా?"

ఆ తర్వాత పాఠం మొదలవుతుంది, తప్పించుకోలేరు. మోటరు సైకిలుకు టాంకీ పైన ఉంటుంది కనుక పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది. ఈ కట్టెకోత మిషనుకు ఆ భాగ్యం లేదు. కొమ్మెక్కి తలకిందులుగా పట్టుకున్నా కోయాల్సిందే. అందుకే దీని కార్బొరేటరులో పల్చటి పొర ఒకటి పెట్టారు. ఇంజను లోపల ఒత్తిడి పెరిగి తగ్గినప్పుడల్లా ఆ పొర కొట్టుకుని పెట్రోలును గుంజుకుంటుంది. టాంకీలో పైపు కొసకు బరువైన ఫిల్టరు ఉంటుంది. మిషన్ను ఎటు వంచితే అది అటు దొర్లి పెట్రోల్లో మునుగుతుంది. ఈ ఏర్పాటంతా నడిచేది పైపు మీద. దానికి వెంట్రుకంత పగులు పడితే చాలు, పెట్రోలు కన్నా గాలి ముందు దూరుతుంది. టూ స్ట్రోకు ఇంజనుకు ఆయిలును పెట్రోల్లోనే కలిపి పోస్తాం కదా, పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. ఇంజను కాగి కాగి పిస్టను పట్టేస్తుంది.

"గిప్పుడు చెప్పు, కార్బేటరుదా తప్పు?" అంటాడు చివర్లో. కాదనాలి. కాదనకపోతే పాఠం మళ్లీ మొదటి నుంచి.

ఆయనకు పరమ శత్రువులు ఇద్దరు. మొదటివాడు దవాఖానా పైపు పెట్టుకొచ్చేవాడు. పొలం దగ్గర పైపు తెగితే చేతికందిన సెలైన్ పైపు తగిలించి పని కానిస్తాడు. ఆ ప్లాస్టిక్ పెట్రోలు తగిలి నాలుగు రోజుల్లో కట్టెలా బిగుసుకుని ఊడిపోతుంది. మేస్త్రి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని షెడ్డులో అందరికీ చూపిస్తాడు. "ఏ వార్డుల ఉన్నదే నీ మిషను? డిశ్చార్జి ఎప్పుడన్నరు?"

రెండోవాడు ఫోన్లో వీడియో చూసి తానే పని చేసుకున్నవాడు. పెట్రోలు ఎక్కించే రబ్బరు గుబ్బకు రెండు పైపులుంటాయి: ఒకటి గుంజుకునేది, ఇంకొకటి టాంకీలోకి తిరిగి పంపేది. అవి తారుమారైతే గుబ్బ నొక్కినప్పుడల్లా టాంకీలో బుడగలు వస్తాయి. "మంచిగున్నది తమ్మీ, రెండు చేపలు గూడ ఇడువు" అంటాడు మేస్త్రి. తమ్ముడు తల ఎత్తడు.

ఇక అసలు పని. పాత పైపు గుంజేటప్పుడు ముక్క టాంకీలో పడకూడదని ఊపిరి బిగబడతాడు. కొత్త పైపు కొసను కలం మొనలా ఏటవాలుగా కోస్తాడు. టాంకీ రంధ్రం కన్నా పైపు కొంచెం లావుగానే ఉండాలి, ఆ బిగువే దానికి సీలు. సులువుగా దూరిన పైపును ఆయన నమ్మడు. చెవి సందున ఉన్న తీగ అప్పుడు దిగుతుంది. కొసకు ఇంత ఆయిలు రాసి, తీగతో అవతలికి గుంజి, పట్టకారుతో అందుకుంటాడు. లోపల ఎంత పొడుగు వదలాలనేది ఇంకో శాస్త్రం. పొట్టిదైతే ఫిల్టరు మూలకు అందదు, మిషను వంచగానే ఆగుతుంది. పొడుగైతే మడత పడుతుంది.

బయట తొవ్వ గురించైతే ప్రవచనమే. "సైలెన్సరు దిక్కు పోవద్దు, కాల్తది. రేసు తీగెకు తాకద్దు, ఒరుసుకుంటది. మడత పడద్దు, ఊపిరాడది." ఈ అలవాటుతో బస్సు అడిగినవాడికి కూడా ఇదే ధోరణిలో చెబుతాడు. జనగామ నుంచి భూపాలపల్లి చుట్టాలింటికి పోతానంటే, "హనుమకొండ, పరకాల, రేగొండ. సక్కగ పో. నడుమ యాడ మడత పడకు" అంటాడు. నడుమ కల్లు మండువాలున్నాయని ఆయనకు తెలుసు.

పక్కింటి పిల్లవాడు ఇంజనీరింగులో తప్పితే తల్లిని ఓదార్చింది కూడా ఈయనే. "టాంకి నిండ సదువున్నదక్కా, పేపరు దాక రాలే. నడుమ ఫోను గాలి గుంజింది." 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేల చెట్లు కూలాయి. అందరూ ఇదేం వింతని తలలు పట్టుకుంటే ఈయన తల పట్టుకోలేదు. "అంతటి అడివినే గాలి గుంజింది, నీ మిషనెంత?" అన్నాడు. మర్నాడు కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి, రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. "సూసిన్రా, నడుమ తెగితే ఎంత పెద్ద ఇంజనైనా ఆగుడే" అని, ఆ వారమంతా రైల్వేశాఖకు తానే సలహాదారైనట్టు తిరిగాడు.

పెట్రోలు మీద మాత్రం ఆయనకు నిజమైన బాధ. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు 2023లో బంకులకు రావడం మొదలై, 2025కల్లా దేశమంతా అదే లెక్కకు చేరింది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది, దానికోసం తయారు కాని పాత రబ్బరును ఉబ్బిస్తుంది, పగిలేట్టు చేస్తుంది. ఇదంతా ఆయన రెండు ముక్కల్లో తేలుస్తాడు. "పెట్రోల్ల సారా కలుపుతాన్రు. మనిషికి పోస్తె కేసు, మిషనుకు పోస్తె స్కీము."

ఇంత విసిగించే మనిషి దగ్గరికి జనం ఎందుకు పోతారంటే, చిక్కేమిటో చెబుతా: చాలాసార్లు ఆయన చెప్పిందే నిజమవుతుంది. మనకు ఖరీదైన రోగం మీద గౌరవం ఎక్కువ. కార్బొరేటరు పోయిందంటే ఇంట్లో నలుగురికీ చెప్పుకోవచ్చు, పైపు పగిలిందంటే పరువు తక్కువ. అందుకే జామాయిల్ తోటలు కోసే గుత్తేదారు మిషనూ, రోడ్డుకు అడ్డం పడ్డ చెట్లు తీసే అటవీ సిబ్బంది మిషనూ ఊరంతా తిరిగి చివరికి ఆయన బల్ల మీదే పక్కపక్కన చేరతాయి.

పైపు మార్చాక మిషను ఒక్క గుంజుకే అందుకుంటుంది. డబ్బులు తీసుకుంటూ మేస్త్రి ఉచితంగా ఒక మంచి మాట చెబుతాడు. "పని ఒడిసినంక టాంకిల పెట్రోలు ఒంపెయ్యి. ఉన్నకాడికి ఆగేదాక నడిపి, అప్పుడు మూలకు పెట్టు. పైపు శాన రోజులు ఆగుతది."

"గట్లనే అన్నా, తప్పకుంట" అని మీరు మిషను భుజాన వేసుకుంటారు. మీరు మలుపు తిరిగేదాకా ఆగి, ఆయన లోపలికి కేక వేస్తాడు.

"తమ్మీ, పైపు ఇంకో రెండు చుట్టలు చెప్పు!"