కోడికేం ఖర్చు?

కోడికి పైసా ఖర్చుండదు. పొద్దున గంప ఎత్తితే పోతుంది, పొద్దుగూకితే వస్తుంది. మధ్యలో ఏం తిన్నది, ఎవరి కల్లంలో తిన్నది మనకనవసరం. ఇల్లందులో ఈ మాట కాదనేవాళ్ళు రెండు రకాలే ఉన్నారు: పశువుల డాక్టర్లు, కోయ పల్లెల్లో ముసలవ్వలు. వాళ్ళు చదువుకుని చెడ్డారు, వీళ్ళు చదువుకోక చెడ్డారు. మధ్యలో ఉన్న మనలాంటి తెలివైనవాళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. సలహాలకు కూడా పైసా తీసుకోవడం లేదు.

ముందు జాతి. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు. అసీలుదైతే 40 దాటడమే గగనం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థవాళ్ళు తయారుచేసిన వనరాజ నూరు దాకా పెడుతుంది, గ్రామప్రియ ఇంకా ఎక్కువ. కాబట్టి వనరాజ పిల్లల్ని ఒక అట్టపెట్టె నిండా తెచ్చి, తెచ్చిన రోజే పెరట్లో వదిలేయండి. మొదటి ఐదారు వారాలు బల్బు వెచ్చదనంలో పెట్టి దాణా వేయమంటారు. అనడానికి వాళ్ళకేం, కరెంటు బిల్లు కట్టేది మనం. బతికి బట్టకట్టిన నాలుగైదు పెట్టలు పెద్దవయ్యాక పొదగమనండి. అవి పొదగవు. పొదుగుకు కూర్చున్నన్నాళ్ళు, పిల్లల్ని వెంటేసుకు తిరిగినన్నాళ్ళు ఏ పెట్టా గుడ్డు పెట్టదు కనుక, ఎక్కువ గుడ్ల కోసం ఆ గుణాన్నే తగ్గించి ఈ జాతుల్ని తయారుచేశారు. ఈ సంగతి పక్కింటివాళ్ళకు తెలిసినా మీరు తెలుసుకోకండి. పెట్ట మొండిదని తిట్టి మూడు రోజులు గంప కింద బోర్లించండి.

నాటుపెట్ట పొదుగుకొచ్చిందా, ఇక మన పంట పండినట్టే. దాని పొట్ట కింద పది, పన్నెండు గుడ్లు పడతాయి. మీరు ఇరవై పెట్టండి. పెట్టి వారం దాటని గుడ్లే పొదగేయాలన్నది పాతకాలపు చాదస్తం. నెల నుంచి ఫ్రిజ్‌లో ఉన్నవి, కిరాణా కొట్లో కొన్న తెల్లగుడ్లు అన్నీ కలిపేయండి. ఫారంలో పెట్టలకు పుంజు తోడుండదు కదా, ఆ గుడ్డులో పిల్లెక్కడిదని ఎవరైనా అడిగితే, వాళ్ళు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారని తేల్చేయండి.

ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా గంపలో ఇనుపముక్క, బొగ్గుముక్క వేయడం మన పల్లెల్లో ఆనవాయితీ. వేరే ఊళ్ళవాళ్ళు పాపం పొయ్యిలోని బొగ్గు వేసుకుంటారు. 1889లోనే తవ్వకం మొదలైన ఇల్లందు బొగ్గుట్ట మనది, మనకు ఆ గతేమిటి? గంపలోనూ గనిబొగ్గే వేయాలి. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు చేస్తే కిటికీ రెక్కలు గడగడలాడతాయి కదా బాబాయ్, దానికీ ఈ బొగ్గే విరుగుడా అని మా వాడలో ఒక కొత్తకోడలు అడిగింది. ఆ బ్లాస్టింగు బొగ్గు కోసమే కదమ్మా, గంపలో బొగ్గును చూసి శాంతిస్తుందని చెప్పాను. 21 రోజులకు పిల్లలు కావాలి. ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డు వెనక టార్చిలైటు పెడితే, పిల్ల కట్టిన గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయనీ, ఏమీ కనిపించనిది అప్పుడే తీసేయాలనీ అంటారు. అంత శ్రమ మనకొద్దు. ఏ గుడ్డు సంగతేమిటో నాలుగో వారంలో వాసనే చెబుతుంది.

మేత గురించి చెప్పేదేమీ లేదు, వేయం కాబట్టి. కోయ అవ్వలకు మాత్రం ఒక పిచ్చి ఉంది. పాత కుండలో పేడ, చిరిగిన గోనెపట్టా, ఎండుటాకులు కుక్కి, నీళ్ళు చిలకరించి, పొద్దుగూకే వేళ చెదపుట్ట మీద బోర్లించి వస్తారు. తెల్లారి ఆ కుండ తెచ్చి వాకిట్లో గుమ్మరిస్తే పేడముద్దల నిండా తెల్లటి చెదలు బిలబిలమంటుంటాయి. తల్లికోడి ఒక్క పిలుపు పిలుస్తుంది, పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి రెండు నిమిషాల్లో ఊడ్చేస్తాయి. దాణాలో డబ్బు పోసి కొనే మాంసకృత్తులు ఊరికే వచ్చాయన్నమాట. ఊరికే వచ్చినా కుండ మోసే చాకిరీ ఉంది కదా, వదిలేయండి. మన చెదలు మన దర్వాజాలు తింటాయి.

గూటికి తలుపు కూడా దండగే. అడవి అంచున ఉన్న ఊరు, రాత్రిపూట జంగపిల్లి, ముంగిస, పాము తిరుగుతుంటాయి, నిజమే. కానీ తలుపంటే వడ్రంగికి కూలివ్వాలి. జంగపిల్లి ఏమీ అడగదు.

ఇక తెగుళ్ళు. ఎండలు ముదిరితే కొక్కెర వస్తుంది, డాక్టర్లు రాణిఖెత్ అంటారు. పొద్దున బాగానే తిరిగిన పెట్ట మధ్యాహ్నానికి ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చుంటుంది. నోరు తెరిచి గురగురమంటుంది, ఆకుపచ్చగా, తెల్లగా పారుకుంటుంది, కొన్నింటికి మెడ మెలితిరిగి ఆకాశం చూస్తుంది. ఒకదానికొస్తే వాడంతా ఊడ్చుకుపోతుంది. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉంది. వారం రోజుల పిల్లకు కంట్లో లసోటా చుక్క, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌2బి సూది. ధర ఎక్కువేమీ కాదు. అసలు చిక్కు వేరే ఉంది. చిన్న సీసా తీసుకున్నా అందులో నూరు కోళ్ళకు సరిపోయే మందుంటుంది, మీకున్నవి ఎనిమిది. ఐసులో పెట్టి తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. మిగిలిన 92 డోసులు ఏం చేస్తారు?

పదిళ్ళవాళ్ళు మాట్లాడుకుని, ఒకే తెల్లవారుజామున, గంపలు ఎత్తకముందే వాడంతా వేయించుకుంటే సీసా ఖర్చు తలా కాస్త చిల్లర పడుతుంది. పైగా పక్కింటి కోడికి తెగులు రాకుంటేనే మన కోడికీ రాదు. వినడానికి ఎంత బాగుందో! కానీ పోయిన ఏడాది మన చిక్కుడు పాదు గీరిపోసింది ఆ పక్కింటి కోళ్ళే కదా. మన సీసాతో వాటి ప్రాణం నిలబెట్టడమా? నా సలహా ఇది: సీసాను చొక్కా జేబులో వేసుకుని మే నెల ఎండలో బస్సులో నిలబడి రండి. ఎనిమిదింటికీ పొడిపించి, మిగిలింది ఫ్రిజ్‌లో అల్లంవెల్లుల్లి పక్కన వచ్చే ఏడాదికి దాచండి. అప్పుడు ఎనిమిదీ చస్తే టీకాలు పనిచేయవని ఊరంతా చెప్పుకోవడానికి సాక్ష్యం కూడా ఉంటుంది.

గంప కింద ఒక పుంజు ముడుచుకుందంటే అర్థం, ఇవాళ సంతకు పోవాలని. తెగులు తగిలిన కోడిని విడిగా పెట్టాలి, అమ్మకూడదు, చచ్చినదాన్ని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి అంటారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు సరిహద్దులో ఆంధ్ర కోళ్ళ బండ్లను ఆపి వెనక్కి పంపారు కూడా. ఆపేది లారీలనే కదా! మన పుంజు సైకిల్ మీద పోతుంది. సంతలో మాత్రం మాట గట్టిగా ఉండాలి. ఒక అవ్వ వచ్చి పుంజును చేతిలోకి తీసుకుంది. రొమ్ము ఎముక కొస వేలితో నొక్కి చూసింది, వంగితే లేతది, వంగకపోతే ముదురు. తోక ఎత్తి చూసింది. ముక్కు దగ్గర చెవి పెట్టింది.

“ఏం సారూ, కోడి కునుకుతున్నదేంది?”

“రాత్రంతా పొదిగి అలసిపోయిందవ్వా.”

“పుంజు గదయ్యా ఇది!”

అలాంటి అవ్వలతో బేరం పెట్టుకోకండి. ఖమ్మం నుంచి కార్లలో వచ్చి కళ్ళద్దాలు తీయకుండా కొనేవాళ్ళున్నారు, వాళ్ళ కోసం ఆగండి. వాళ్ళకు కావలసింది ‘నాటు’ అన్న మాట ఒక్కటే. ఫారంలో పెరిగిన రంగుకోడిని తెచ్చి, రెండు రోజులు బూడిదలో పొర్లించి, తాటిగంప కింద కూర్చోబెడితే చాలు, అడవిలో పుట్టి పెరిగిన మొహం వస్తుంది. కాంటా ఎక్కే ముందు తవుడు ముద్దలు మింగించి నీళ్ళు తాపండి. మెడ కింద సంచి బంతిలా ఉబ్బుతుంది, ఆ బరువుకూ నాటుకోడి రేటే. మేడారం జాతర వచ్చే ఏడాదైతే ఇంత కష్టం కూడా అక్కర్లేదు. రెండేళ్ళకోసారి మాఘమాసంలో మొక్కు చెల్లించేవాళ్ళు కోడి కోసం తిరుగుతుంటారు, ధరకు రెక్కలొస్తాయి. మన పుంజు తల్లుల గద్దెల దాకా బతికుంటే చాలు.

కొన్నవాడు కాళ్ళు కట్టి, బండి హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసుకుని పోతాడు. బయ్యారం చేరేసరికి మెడ వేలాడేస్తే అది ఎండ మహత్యం, మనది కాదు. వారం తిరిగేసరికి పది ఊళ్ళలో గంపలు ఖాళీ అవుతాయి. రూపాయి ఖర్చులేకుండా మన పేరు పది ఊళ్ళకు చేరినట్టు.

పుంజు బాగా ఏపుగా ఉంటే సంత దాకా కూడా ఎందుకు, జీడిపప్పు, బాదం, ఖీమా పెట్టి మేపి సంక్రాంతికి అశ్వారావుపేట మీదుగా ఆంధ్ర బరుల్లోకి దింపమనే వాళ్ళున్నారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కోడిపందేలు నేరమంటుంది కానీ, నాకున్న అభ్యంతరం అది కాదు. బాదం పెట్టడమేమిటి? కోడికేం ఖర్చు అని కదా మొదలుపెట్టాం.

ఇక కుక్క. కోళ్ళున్న ఇంట కుక్క లేకపోతే కోళ్ళను జంగపిల్లి తింటుంది, ఉంటే కుక్క తింటుంది. పరాయిదానికి పెట్టేకన్నా మనదానికి పెట్టుకోవడం నయం.

టేకులపల్లి వైపు తండాల్లో ఇందుకు విరుద్ధంగా ఒక వింత కనిపిస్తుంది. వాకిట్లో కుక్క కాళ్ళు బారజాపి పడుకుంటుంది, దాని తోక పక్కనే కోడి మట్టి గీరుకుంటుంది, ఒకదాన్నొకటి లెక్కచేయవు. అక్కడ కుక్కకు పాఠం చెప్పింది మనిషి కాదు, పిల్లలకోడి. నెలన్నర కుక్కపిల్ల తోకాడించుకుంటూ కోడిపిల్లల మధ్యకు పోతుంది. తల్లికోడి ఈకలు రిక్కించి, రెక్కలు నేలకు రాస్తూ రెండంగల్లో వచ్చి మూతి మీద ఒక్క పోటు పొడుస్తుంది. కుక్కపిల్ల కుయ్యిమంటూ మంచం కింద దూరుతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది కానీ నాలుగడుగుల అవతలే చతికిలబడి, ఈగను చూస్తున్నట్టు తల పక్కకు తిప్పుకుంటుంది. కొన్నాళ్ళకు ఆ తిప్పుకోవడమే అలవాటవుతుంది. ఈ పద్ధతిలో మన గొప్పేమీ లేదు. అందుకని కుక్కపిల్లను ఎనిమిది నెలలు మేడ మీద గొలుసేసి, కోడి మొహం చూపించకుండా పెంచండి. ఒక ఆదివారం గొలుసు విప్పి పెరట్లోకి వదలండి. టపటపలాడుతూ పరిగెత్తేదాన్ని వెంటపడటం కుక్క పుట్టుకలోనే ఉంది, మీరు నేర్పనవసరం లేదు.

రుచి మాత్రం ముందే మప్పాలి. చికెన్ కొట్టు నుంచి పేగులు, తలకాయలు, ఈకలతో సహా తెచ్చి పచ్చివే వేయండి. పూడ్చడానికి బద్ధకించిన తెగులు కోళ్ళు కూడా దీనికే. కోళ్ళు తిరిగే చోటే వేస్తే కుక్కకు ఏది మేతో ఏది కాదో తికమక ఉండదు.

ఎదిగిన కుక్క కూడా నేర్చుకుంటుందనేవాళ్ళున్నారు. మెడకు తాడు వేసి, కోళ్ళకు బాగా ఎడంగా కూర్చోబెట్టాలట. దాని చూపు కోడి మీదికి పోగానే పేరు పెట్టి పిలవాలి, మనవైపు తిరిగితే అప్పుడే నోట్లో ఒక ముక్క పెట్టాలి. ఎగబడకుండా ఉన్న రోజు ఒక అడుగు దగ్గరికి, ఎగబడిన రోజు రెండడుగులు వెనక్కి. నెలల తరబడి ఇదే పని, అయినా మనం ఇంట్లో లేనప్పుడు తాడు విప్పొద్దు అంటారు. అంత ఓపికుంటే పిల్లలకు ఎక్కాలే నేర్పేవాళ్ళం. మనకు తాతలనాటి మందుంది: కుక్క చంపిన కోడిని దాని మెడకే కట్టడం. కుళ్ళి రాలిపోయేదాకా ఉంచితే కోడంటేనే రోత పుడుతుందట. మా వాడలో ఒకాయన కట్టాడు. కుక్క ఆ దండ వేసుకుని బజారంతా ఊరేగింది, వెనక వాడకుక్కలన్నీ నడిచాయి. సాయంత్రానికి దండ లేదు, వాడకుక్కలన్నింటికీ నాటుకోడి రుచి తెలిసింది.

ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఉచితమే, కానీ ఆటో ఛార్జీ?

మీ కుక్క పక్కింటి పెట్టను పట్టిందని వాళ్ళు గొడవకొస్తే, “మా కుక్క కాదొదినా, వాడకుక్క” అనండి, దాని మూతికి ఈకలు అంటుకుని ఉన్నా సరే. వాళ్ళ కుక్క మీ పెట్టను పడితే మాత్రం లెక్క వేరు. రోజుకో గుడ్డు చొప్పున ఏడాదికి 365 గుడ్లు, అన్నీ పొదిగితే 365 పిల్లలు, అందులో 182 పెట్టలు, వాటికి మళ్ళీ రోజుకో గుడ్డు. రెండో ఏటికి 66,430 గుడ్లు. ఈ కాగితం పెద్దమనుషుల ముందు పెట్టండి. నాటుపెట్టకు ఏడాదికి 50, 60 గుడ్లే కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, అది వేరే పెట్ట అనండి. వాళ్ళు కాసేపు తల పట్టుకుని మూడొందలు ఇప్పిస్తారు. కళ్ళ నీళ్ళు పెట్టుకుని తీసుకోండి. చచ్చిన పెట్టను మాత్రం వాళ్ళకు వదలకండి, అదీ మనదే. కూరలోకి ఉల్లిగడ్డలు పక్కింట్లో అడగండి.